మోటార్లు దించే పికప్ వెనక కుంగుతోంది: కమాను కట్టకు పట్టీ కలపాలా, కొత్త కట్టే వేయించాలా?

రాప్తాడు_బోరుబండి
నాది 1.3 టన్నుల పికప్. బోర్లలో మోటార్లు ఎత్తి దించే ఇనుప చట్రం, విన్చి, దాన్ని తిప్పే చిన్న డీజిల్ ఇంజను, పనిముట్ల పెట్టె అన్నీ వెనక శాశ్వతంగా బిగించి ఉన్నాయి. పైపులు ఎక్కించకపోయినా బండి వెనక్కి కూర్చునే ఉంటుంది. స్టీరింగు తేలిగ్గా తిరుగుతుంది. రాత్రి పూట డిప్‌లో పెట్టినా ఎదురొచ్చేవాళ్లు లైట్లు కొడుతున్నారు. ఎడమ వైపు ఇంకా ఎక్కువ కుంగింది.

అనంతపురంలో మూడు కొట్లలో అడిగాను. ఒకరు కమాను కట్టకు, అంటే ఇరుసు మీద బండి బరువు మోసే వంపు ఉక్కు పట్టీల పేర్పుకు, రెండు పట్టీలు కలుపుతామన్నారు. ఇంకొకరు షాకిల్ (కట్ట కొనను ఛాసిస్‌కు కలిపే ఊగే లింకు) పొడవు పెంచితే చాలన్నారు. మూడో ఆయన ఇరుసుకూ కట్టకూ మధ్య ఇనుప దిమ్మె పెడతానన్నాడు. ఇందులో ఏది సరైనది? బండి సమంగా నిలబడితే చాలు, ఎక్కువ బరువు మోయాలన్న కోరిక లేదు.

నాపరాయి_బేతంచెర్ల
రెండు పట్టీలు వేయించు అన్నా. మా దగ్గర రాయి తోలే ప్రతి పికప్‌కూ అదే పని. కొత్త బండి షోరూం నుంచి నేరుగా కమాను కొట్టుకే పోతుంది.

కమాన్_మేస్త్రి_కడప
ముందు నాలుగు సంగతులు చెప్పండి. కట్టలో పట్టీలు ఎన్ని? కింద మందంగా, విడిగా ఉండే హెల్పర్ పట్టీ ఉందా? బండి ఎంత పాతది? పైపులు లాగేటప్పుడు వెనక కాళ్లు నేలకు దించుతారా, లేక బరువంతా బండి మీదే ఉంటుందా? నాలుగో దానికి జవాబు తెలియకుండా నేను పట్టీ ముట్టుకోను.

చీనీతోట_తాడిపత్రి
లైట్ల సంగతికి ముందు హెడ్‌లైట్ సర్దుబాటు మర తిప్పించండి, అది పెద్ద ఖర్చు కాదు. 44వ నంబరు జాతీయ రహదారి మీద రాత్రి అలా తిరిగితే ఎదుటివాడికి రోడ్డు కనబడదు.

రాప్తాడు_బోరుబండి
మేస్త్రీ, పట్టీలు 5, వాటి కింద హెల్పర్ ఒకటి. బండి ఏడేళ్లది, చట్రం బిగించి నాలుగేళ్లు. కాళ్లు ఉన్నాయి కానీ చట్రం చేసినవాళ్లు పొట్టిగా పెట్టారు. వాటి కింద చెక్క దిమ్మెలు పెట్టి లాగుతాం. నల్లరేగడి చేలల్లో దిమ్మెలు కొద్దిగా దిగుతాయి.

కమాన్_మేస్త్రి_కడప
అదే అనుకున్నాను. దిమ్మె దిగిందంటే బరువు తిరిగి కమాను మీదికే వస్తుంది. ఎడమ కట్ట అక్కడే చచ్చిపోయి ఉంటుంది.

లెక్కల_మాస్టారు_కర్నూలు
మేస్త్రి గారు పట్టుకున్న చోటే అసలు విషయం ఉంది. ఒక లెక్క వేస్తాను.

ఒకటిన్నర అంగుళం మధ్యరకం ఇనుప పైపు మీటరుకు సుమారు 3.6 కిలోలు. 800 అడుగుల బోరంటే 244 మీటర్లు. పైపుల బరువే దాదాపు 880 కిలోలు. కింద వాల్వు నీళ్లను ఆపి ఉంచితే పైపులోని నీరు మరో 330 కిలోల పైమాటే. మోటారు, కేబులు కాక 1200 కిలోలు.

ఈ బరువు వేలాడేది వెనక ఇరుసు మీద కాదు, దానికి దాదాపు ఒక మీటరు వెనక. ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య దూరం 3 మీటర్లు అనుకుందాం. కాళ్లు పని చేయకపోతే ఆ 1200 కిలోలు వెనక ఇరుసు మీద 1600 అవుతుంది. అదనంగా వచ్చిన 400 ముందు చక్రాల నుంచి లాక్కున్నదే. బండికి ముందే ఉన్న బరువు దీనికి కలపండి. ఏ కంపెనీ కమాను అయినా ఎందుకు చావదు?

టైర్ల_ఆదోని
బోరు బండ్ల వెనక టైర్ల పక్కగోడలు ఎందుకు పగులుతాయో ఇప్పుడు అర్థమైంది. అందులోనూ ఎడమదే ముందు పోతుంది.

నాపరాయి_బేతంచెర్ల
మాస్టారూ, లెక్క బాగుంది. కానీ ఆయన అడిగింది రోడ్డు మీద కుంగడం గురించి. రెండు పట్టీలు వేస్తే లేస్తుందా లేదా?

లెక్కల_మాస్టారు_కర్నూలు
లేస్తుంది, కానీ మీరు అనుకున్నంత కాదు. ఎత్తు వేరు, బిగువు (బరువుకు వంగకుండా నిలిచే గుణం) వేరు. పట్టీ వంపు ఎత్తునిస్తుంది. పట్టీల సంఖ్య, వెడల్పు, మందం, పొడవు బిగువునిస్తాయి. ఒకే మందం ఉన్న 5 పట్టీలకు ఆరోది కలిపితే బిగువు సుమారు 20 శాతం పెరుగుతుంది. మందం మార్చారా, కథ వేరు. బిగువు మందం ఘనాన్ని (మందం × మందం × మందం) బట్టి పెరుగుతుంది. 7 మిల్లీమీటర్ల పట్టీ స్థానంలో 8 మిల్లీమీటర్లది వేస్తే ఆ పట్టీ దాదాపు ఒకటిన్నర రెట్లు బిగుస్తుంది. చూపుకు ఒక మిల్లీమీటరే, నడుముకు తెలుస్తుంది.

వంపు పోయిన పాత కట్టకు కొత్త పట్టీ కలిపితే ఇంకో చిక్కు. కొత్తది ఎక్కువ వంగి ఉంటుంది కాబట్టి బరువులో తన వాటాకు మించి మోస్తుంది. అందుకే కొత్తగా వేసిన పట్టీయే ముందు విరగడం మీరు చూస్తుంటారు.

కమాన్_మేస్త్రి_కడప
నిజం. "కొత్త ఇనుము నాసిరకం" అని మా మీదికి వస్తారు. ఇనుము తప్పు కాదు, పాత కట్టతో జోడు కుదరలేదు.

లింగాల_అరటి
పట్టీలు కలిపే వాళ్లకు నా వైపు నుంచి ఒక మాట. మా అరటి గెలలు తోలే పికప్‌కు యజమాని రెండు పట్టీలు ఎక్కువ వేయించాడు. నిండు లోడుతో బాగానే వచ్చేది. సగం లోడు రోజుల్లో మాత్రం కాయ నల్లబడి దిగేది, కొనేవాళ్లు ధర కోసేవారు. బండి దూకుతుంటే కింది వరస నలిగిపోతుంది. చివరికి ఆ బండికి లోడు ఇవ్వడం మానేశాం.

చీనీతోట_తాడిపత్రి
అక్కా, చీనీకి అంత ఇబ్బంది లేదు కానీ టమోటాకు మీ మాట అక్షరాలా వర్తిస్తుంది. పత్తికొండ మార్కెట్‌కు పోయే బండ్లను అడగండి.

నాపరాయి_బేతంచెర్ల
రాయికి నలుగుడు లేదు కదా అక్కా. మా పని వేరు, మా కమాను వేరు.

పత్రాలు_ముఖ్యం
రాయికి నలుగుడు లేదు, జరిమానా ఉంది. మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్ ప్రకారం పరిమితి మించిన బరువుకు 20,000 రూపాయలు, ఆపైన ప్రతి అదనపు టన్నుకు 2,000. పట్టీలు కలిపినంత మాత్రాన రిజిస్ట్రేషన్ పత్రంలోని బరువు మారదు.

బోరుబండి అన్నకు ఇంకో విషయం. 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. అనుమతి లేని మార్పుకు 182ఎ సెక్షన్ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. మీ చట్రం పత్రంలో ఎక్కిందో లేదో చూసుకోండి. ప్రమాదం జరిగితే బీమా వాళ్లు మొదట వెతికేది అదే.

రాప్తాడు_బోరుబండి
చట్రం పత్రంలో ఎక్కింది, కొన్నప్పుడే చూసుకున్నాను. వెనక ఇరుసు పరిమితి 1950 కిలోలు, మొత్తం 3000 అని రాసి ఉంది. షాకిల్, దిమ్మె గురించి ఎవరూ చెప్పలేదు.

కమాన్_మేస్త్రి_కడప
షాకిల్ రెండు అంగుళాలు పొడవు చేస్తే బండి లేచేది ఒక అంగుళమే, ఎందుకంటే కట్ట ఒక కొన మాత్రమే కిందికి దిగుతుంది. పైగా ఇరుసు కొద్దిగా తిరుగుతుంది. వెనక ఇరుసును తిప్పే ప్రొపెల్లర్ షాఫ్టు జాయింటు కోణం మారి ఒక వేగం దగ్గర అదురు మొదలవుతుంది. పొడవాటి షాకిల్ పక్కలకు ఊగుతుంది కూడా. పైన ఎత్తైన చట్రం ఉన్న బండికి అది అసలు వద్దు.

దిమ్మె కాస్త నయం. ఎత్తు ఇస్తుంది, బిగువు పెంచదు. కానీ కట్ట చచ్చిపోయి ఉంటే దిమ్మె దాన్ని బతికించదు. బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు ఇరుసు మెలి తిరిగే గుణం పెరుగుతుంది. కట్టను ఇరుసుకు బిగించే పాత యూ బోల్టులు చాలవు, పొడవైనవి కొత్తవి కావాలి. రెండు దిమ్మెలు ఒకదాని మీద ఒకటి పెట్టిన బండి కూడా నా దగ్గరికి వచ్చింది. అలాంటి బండిని రోడ్డు మీదికి వదలకూడదు.

గువ్వలచెరువు_ఘాట్
అందరూ కమాను చూస్తున్నారు, బ్రేకు సంగతి ఎవరూ ఎత్తలేదు. చాలా పికప్‌లలో వెనక ఇరుసు దగ్గర సన్నని కడ్డీతో కలిపిన ఒక వాల్వు ఉంటుంది. ఛాసిస్‌కూ ఇరుసుకూ మధ్య దూరం చూసి వెనక బ్రేకుకు ఎంత ఒత్తిడి పంపాలో అదే తేలుస్తుంది. బండి కుంగితే బరువు ఉందనుకుని ఎక్కువ పంపుతుంది. లేస్తే ఖాళీ అనుకుని తగ్గిస్తుంది.

మీరు పట్టీలతోనో దిమ్మెతోనో రెండు అంగుళాలు లేపారు. టన్ను బరువుతో కడప, రాయచోటి మధ్య ఘాట్ దిగుతున్నారు. బండి ఖాళీగా ఉందని వాల్వు అనుకుంటోంది. వెనక బ్రేకు సగం పనే చేస్తుంది, ముందు బ్రేకులు కాగిపోతాయి. ఘాట్‌లో కాలిన బ్రేకు వాసన వచ్చే బండ్లలో ఇలా లేపినవి తక్కువేమీ కాదు. కమాను ముట్టుకుంటే వాల్వు కడ్డీని కంపెనీ చెప్పిన కొలతకు సరిచేయించాల్సిందే.

టైర్ల_ఆదోని
ఇది నాకు కొత్త. కొట్టుకు వచ్చే వాళ్లకు ఇకమీదట చెబుతాను.

నాపరాయి_బేతంచెర్ల
మా బండ్లకు ఆ కడ్డీని వైరుతో పైకి కట్టేస్తారు, ఎప్పుడూ పూర్తి బ్రేకు ఉండేలా.

గువ్వలచెరువు_ఘాట్
ఖాళీగా వస్తూ వానలో బ్రేకు కొడితే వెనక చక్రాలు బిగుసుకుని బండి అడ్డం తిరుగుతుంది తమ్ముడూ. ఆ వైరు ఈ రోజే విప్పించు. బతిమాలి చెబుతున్నాను.

వీక్రాస్_కర్నూలు
మధ్యలో నా ప్రశ్న. నాది ఇసుజు డీ-మ్యాక్స్ వీ-క్రాస్ పికప్, మన శ్రీసిటీలో తయారైన బండే. వెనక పైకప్పు, పడక, నీళ్ల డబ్బా బిగించాను, మొత్తం 200 కిలోల దాకా. నాకూ వెనక కొద్దిగా తగ్గింది. గట్టి కట్ట వేయించాలా?

లెక్కల_మాస్టారు_కర్నూలు
మీ బండికి ముందు కాయిల్ స్ప్రింగులు, వెనక మాత్రమే కమాను. ఖాళీ పికప్ వెనక కావాలనే ఎత్తుగా ఉంటుంది, బరువు ఎక్కినప్పుడు సమం కావడానికి. 200 కిలోలకు కొద్దిగా దిగడం సహజమే, జబ్బు కాదు. చూపుకు మాత్రమే ఇబ్బందైతే ఏమీ చేయకండి.

మార్చాల్సి వస్తే కట్టను ఎప్పుడూ ఉండే బరువును బట్టి ఎంచుకోవాలి, ఏడాదికోసారి మోసే బరువును బట్టి కాదు. విదేశాల్లో పికప్‌లకు అమ్మే కట్టలను ఈ శాశ్వత బరువు ప్రకారమే వర్గాలుగా చేసి అమ్ముతారు. బిగువు పెంచితే షాక్ అబ్జార్బర్లు కూడా దానికి తగినవి ఉండాలి. లేకపోతే గట్టి కమాను తిరిగి ఎగరేసే దెబ్బను పాత షాక్‌లు ఆపలేవు.

వీక్రాస్_కర్నూలు
సరే మాస్టారూ, అలాగే వదిలేస్తాను. శ్రీశైలం ఘాట్‌లో బండి బాగానే నిలబడింది.

లెక్కల_మాస్టారు_కర్నూలు
బోరుబండి గారూ, మీరు రెండు పనులు చేయండి. ఒకటి, కాటా దగ్గరికి వెళ్లి ముందు ఇరుసు, వెనక ఇరుసు వేరువేరుగా తూయించండి. రెండు, చక్రం నడిమి నుంచి దాని పైన ఉన్న బాడీ అంచు వరకు నాలుగు చోట్లా కొలవండి. నేల నుంచి కొలిస్తే టైరు గాలి తేడా కలిసిపోతుంది. అదే మోడల్ ఖాళీ బండి ఎవరిదైనా దొరికితే దాన్నీ కొలవండి. వీలైతే దాని వెనక ఇరుసు మీద సరిగ్గా 10 సిమెంటు బస్తాలు పెట్టి మళ్లీ కొలవండి. కమాను బిగువు మీ చేతికే వస్తుంది.

రాప్తాడు_బోరుబండి
కొలిచాను. కాటా చీటీ: ముందు 840, వెనక 1410. ఇది పైపులు లేకుండా. అదే మోడల్ ఖాళీ బండి మా బావమరిదిది. అది ముందు 950, వెనక 750. దాని మీద 10 బస్తాలు పెడితే రెండు వైపులా 50 మిల్లీమీటర్లు దిగింది. ఆ ఖాళీ బండితో పోలిస్తే నా బండి వెనక కుడి వైపు 72, ఎడమ వైపు 95 మిల్లీమీటర్లు తక్కువగా ఉంది.

లెక్కల_మాస్టారు_కర్నూలు
ఇంత చక్కగా కొలిచి తెచ్చిన వాళ్లను నేను చూడలేదు. ఇక చూడండి.

10 బస్తాలంటే 500 కిలోలు, ఒక్కో వైపు 250. దిగింది 50. కాబట్టి ఒక్కో కట్ట బిగువు మిల్లీమీటరుకు 5 కిలోలు. మీ వెనక ఇరుసు మీద పెరిగింది 660, ఒక్కో వైపు 330. ఆరోగ్యంగా ఉన్న కట్టయితే 66 మిల్లీమీటర్లు దిగాలి. కుడిది 72 దిగింది, అది దాదాపు బాగానే ఉంది. ఎడమది 95. ఆ 29 మిల్లీమీటర్లలో విన్చి ఒక పక్కకు ఉండడం కొంత కావచ్చు, మిగతాది చచ్చిన కమాను.

ఇంకొకటి గమనించండి. మీరు బిగించిన సామాను బరువు మొత్తం 550 కిలోలే, కానీ వెనక పెరిగింది 660. ముందు 110 తగ్గింది. అందుకే స్టీరింగు తేలిపోతోంది. సామాను ఇరుసు కంటే వెనక వేలాడుతోంది. దీన్ని ఏ కమానూ సరిచేయదు. గట్టి కమాను వేస్తే ముక్కు దిగి చూపుకు సమంగా ఉంటుంది, కానీ ముందు చక్రాల మీద బరువు 840 నుంచి ఇంచుమించు కదలదు.

కమాన్_మేస్త్రి_కడప
డీజిల్ ఇంజను, పనిముట్ల పెట్టె ఎక్కడున్నాయి? రెండూ కలిపి ఎంత?

రాప్తాడు_బోరుబండి
రెండూ తోక దగ్గరే. కలిపి 250 దాకా ఉంటాయి. క్యాబిన్ వెనక చోటు ఉంది, బెల్టు పొడవు మార్చాలి.

కమాన్_మేస్త్రి_కడప
మార్చండి. ఆ పని చేశాకే నా దగ్గరికి రండి. అప్పటిదాకా పట్టీ అమ్మను.

టైర్ల_ఆదోని
సరుకు అమ్మనని చెప్పే కొట్టు ఇదే మొదటిసారి చూస్తున్నాను. మేస్త్రీ, మీ వీధిలో నాకూ ఒక గది చూడండి.

లెక్కల_మాస్టారు_కర్నూలు
250 కిలోలు 1.8 మీటర్లు ముందుకు జరిపితే వెనక ఇరుసు మీద 150 తగ్గుతుంది, ముందు 150 పెరుగుతుంది. అంటే 990, 1260. ఖాళీ బండి కంటే ముందు చక్రాల మీద బరువు ఎక్కువే అవుతుంది. వెనక దిగుడు 51 మిల్లీమీటర్లకు వస్తుంది. పైపులు ఎక్కించాక కూడా వెనక 1950, మొత్తం 3000 దాటకుండా చూసుకోండి. ఈ బరువుకు కంపెనీ కమానే చాలు, ఆ ఇరుసు పరిమితికి తగ్గట్టే దాన్ని చేశారు.

నాపరాయి_బేతంచెర్ల
శాశ్వతంగా బరువు ఉంటే కమాను అలిసిపోతుంది మాస్టారూ. ఒక్క పట్టీ అయినా కలపాలి. నా అనుభవం అది.

లెక్కల_మాస్టారు_కర్నూలు
పరిమితిలో ఉన్న స్థిరమైన బరువు కమానును అంతగా అలపదు. పదే పదే పెద్ద వంపు వంచి వదలడం అలుపు తెస్తుంది, పరిమితి దాటిన ఒక్క లాగుడు శాశ్వతంగా వంచేస్తుంది. మీ బండ్లలో మొదటిది జరుగుతోంది, ఆయన బండిలో రెండోది.

నాపరాయి_బేతంచెర్ల
గోతుల రోడ్డు మీద నిండు లోడుతో పోతే మొదటిదే, ఒప్పుకుంటాను. పట్టీ విషయంలో మాత్రం నా మాట నాదే.

రాప్తాడు_బోరుబండి
ఎడమ కట్ట విప్పి కాల్చి వంపు ఎక్కిస్తే సరిపోతుందా? సగం ధరకే చేస్తామంటున్నారు.

కమాన్_మేస్త్రి_కడప
సరిగ్గా చేస్తే సరిపోతుంది. ఎర్రగా కాల్చి, వంపు పెట్టి, నూనెలో ముంచి, మళ్లీ తక్కువ వేడి మీద పెట్టి పెళుసుతనం తీయాలి. చాలా చోట్ల సుత్తితో కొట్టి వంచి ఇచ్చేస్తారు. అది మళ్లీ కుంగుతుంది. సరిగ్గా చల్లార్చకుండా ఇస్తే విరుగుతుంది. కొత్త పట్టీలకు కంపెనీలో ఉక్కు గుండ్లతో కొట్టి పైపొరను గట్టిపరుస్తారు, అందువల్ల పగుళ్లు త్వరగా రావు. మళ్లీ కాలిస్తే ఆ ప్రయోజనం పోతుంది. పైపులు మోసే బండికి కొత్త జతే నా సలహా. రెండు వైపులా మార్చాలి, ఒక్క ఎడమదే మారిస్తే బండి ఒరుగుతుంది. యూ బోల్టులు, పట్టీలను మధ్యలో కలిపి పట్టే సెంటర్ బోల్టులు, కొనల్లోని బుష్‌లు కొత్తవి వేయాలి. పాత యూ బోల్టు ఒకసారి సాగాక మళ్లీ బిగువు పట్టదు.

కొత్త మోడల్ బండ్లలో మధ్యలో మందంగా, కొనల్లో పలచగా ఉండే పట్టీలు వస్తున్నాయి. అవి మధ్యలోనూ కొనల దగ్గరా తప్ప ఒకదాన్ని ఒకటి తాకవు. అలాంటి కట్టకు మామూలు పట్టీ ఎవరైనా కలుపుతానంటే బండి తీసుకుని వచ్చేయండి.

రాప్తాడు_బోరుబండి
పని అయింది. ఇంజను, పెట్టె క్యాబిన్ వెనక్కి వచ్చాయి. కాళ్లు పొడవైన మర కాళ్లుగా మార్పించి, కింద వెడల్పైన ఇనుప పలకలు వెల్డింగ్ చేయించాను. రేగడిలో కూడా దిగడం లేదు. కంపెనీ కొలతల కొత్త జత, అదనపు పట్టీ ఏమీ లేదు. ఖాళీ బండితో పోలిస్తే ఇప్పుడు ఎడమ 54, కుడి 50 తక్కువ. వాల్వు కడ్డీ కొలత సరిచేశారు. స్టీరింగుకు బరువు తిరిగి వచ్చింది.

గువ్వలచెరువు_ఘాట్
వాల్వు పేరు చూసి ప్రాణం లేచి వచ్చింది. కొత్త ఎత్తుకు హెడ్‌లైట్ కూడా మళ్లీ సరిచేయించాలి, మర్చిపోవద్దు.

కమాన్_మేస్త్రి_కడప
కొంత తిరిగాక యూ బోల్టులు బరువు ఉన్నప్పుడే మళ్లీ బిగించండి. పట్టీలు ఒకదానిలో ఒకటి కుదురుకున్నాక నట్లు వదులవుతాయి. వదులైతే మొదట తెగేది సెంటర్ బోల్టు, ఆ తర్వాత ఇరుసు పక్కకు జరుగుతుంది.

చీనీతోట_తాడిపత్రి
పట్టీల మధ్య పాత ఇంజను ఆయిలు పూయమంటారు, కిరకిర రాదని. మంచిదేనా?

కమాన్_మేస్త్రి_కడప
వద్దు. మన దుమ్ముకు ఆయిలు కలిస్తే పట్టీలు అరుగుతాయి. బుష్‌లు రబ్బరువైతే ఆయిలుకు ఉబ్బి పాడవుతాయి. కట్ట విప్పినప్పుడు పట్టీల మధ్య గ్రాఫైట్ గ్రీజు పలుచగా రాస్తే చాలు.

నాపరాయి_బేతంచెర్ల
మేస్త్రీ, ఆ కడ్డీ వైరు విప్పేశాను. కొలత ఎంత పెట్టాలో బండి పుస్తకంలో దొరకలేదు. రేపు కడప వైపు లోడు ఉంది, దింపాక వస్తాను, కొట్టు ఎన్ని గంటల దాకా తెరిచి ఉంటుంది?